పాత ఫోన్‌లో కొత్త రంగులు

అబ్దుల్ సలాం అంగడి ముందు తలుపుకు పోలీసులు లక్క సీలు వేశారు. వెనక తలుపుకు గడియ కూడా పెట్టలేదు. ఇలాంటి ఘనకార్యాలు చూసీ చూసీ రెబెకాకు ఆశ్చర్యపడే అలవాటు ఎప్పుడో పోయింది. హెడ్ కానిస్టేబుల్ వెంకటేశు సీలు విప్పే ముందు ఎవరి సంతకం కావాలో కాగితాలు తిరగేస్తుండగానే, ఆమె సందులోంచి వెనక్కు పోయి, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, ముందు తలుపును లోపలి నుంచి తట్టింది.

"ఇట్ల తిరుక్కోని రా అన్నా. మీవాళ్ళు తెరిచే పెట్టినారు."

రెబెకా పద్నాలుగేళ్ళు ఒక బీమా కంపెనీకి పనిచేసింది. చచ్చినట్టు కాగితాల్లో ఉన్నవాళ్ళు నిజంగా చచ్చారా, చస్తే ఎలా చచ్చారు అని తేల్చడం ఆమె పని. అది వదిలేసి ప్రొద్దుటూరులో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. మనుషులు అబద్ధాలు చెబుతారని ఆమెకు కోపం లేదు. ఇంత నాసిరకం అబద్ధాలు చెబుతారనే ఆమె బాధ.

సలాం భార్య తెచ్చిన ఈ కేసు ముందు నుంచీ నాసిరకంగానే ఉంది. ప్రేమకుమారి అని జమ్మలమడుగులో రిటైరైన టీచరమ్మ. శుక్రవారం సాయంత్రం ఇప్పుడే వస్తానని ఇల్లు దాటింది. శనివారం పగలు ఆమె ఫోన్ నుంచి కూతురు హెలెన్‌కు మెసేజ్ వచ్చింది, వేలూరు ఆసుపత్రికి పోతున్నాను, వెతకొద్దు అని. ఆదివారం ఊరి అవతల పాడుబడిన బావిలో శవం తేలింది. డాక్టరు చూసి శుక్రవారం రాత్రే ప్రాణం పోయిందన్నాడు. అంటే మెసేజ్ కొట్టింది హంతకుడు. అదే రోజు ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే సలాం అంగడిలో, సొరుగులో, ఆ ఫోన్ దొరికింది. సలాంను పట్టుకుపోయారు. ఈ రోజు సాయంత్రం కోర్టులో పెట్టి రిమాండుకు పంపిస్తారు. ఒకసారి జైలు గేటు దాటిందంటే ఆ మనిషిని హంతకుడనడానికి ఊరికి తీర్పు కూడా అక్కర్లేదు.

హెలెన్ చెప్పిన ఒక్క మాట పోలీసులకు బలమైంది. ఫోన్లు బాగుచేయించుకోవడానికి ఇచ్చిన ఆడపిల్లల ఫోటోలు ఒకడు దాచుకుని వాళ్ళను ఏడిపిస్తున్నాడని, పిల్లలు పంపిన రుజువులన్నీ తన ఫోన్‌లో ఉన్నాయని, వాణ్ణి నిలదీస్తానని ప్రేమకుమారి కూతురితో అన్నది. వాడి పేరు మాత్రం చెప్పలేదు. జిల్లాలో ఫోన్లు బాగుచేసేవాళ్ళు ఎన్ని వందల మంది ఉన్నారో లెక్కపెట్టే ఓపిక ఎవరికుంది? సొరుగులో ఫోన్ దొరికినవాడే దొంగ.

పొద్దున రెబెకా స్టేషన్‌లో సలాంను చూసి వచ్చింది. పెదవి పగిలి ఉంది. చెప్పిన కథ మాత్రం ఎన్నిసార్లు తిప్పి అడిగినా మారలేదు. శనివారం అంగడి తెరవగానే ఒకాయన వచ్చాడు. తలమీద హెల్మెట్టు, మూతికి గుడ్డ. తన ఫోనే అన్నాడు, పాతబడి నత్తలా నడుస్తోంది, కంపెనీవాళ్ళు అప్‌డేట్లు ఆపేశారు, అంతా తుడిచేసి బయట దొరికే వేరే సాఫ్ట్‌వేర్, కస్టమ్ రోమ్, వేసి కొత్తది చేయమన్నాడు. సలాంకు అది రోజూ ఉండే పనే. కంపెనీ చేతులెత్తేసిన ఫోన్లకు వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇంకో రెండేళ్ళు బతికిస్తాడు. ఫోన్‌కు కంపెనీ వేసిన తాళం తీసేటప్పుడే లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ సంగతి సలాం ముందే చెబితే, పోనీలే అన్నాడట ఆ మనిషి.

పని అయ్యాక ఆయన జేబులోంచి సిమ్ కార్డు తీసి వేసుకుని, అంగడి ముందర స్టూలు మీద ఎండలో కూర్చుని, తెర సరిగా కనపడడం లేదని సెట్టింగులు అటూ ఇటూ మార్చుకుంటూ కాసేపు గడిపాడు. తర్వాత సిగ్నల్ నిలవడం లేదు, చూసిపెట్టు, రేపొస్తానని ఫోన్ తిరిగిచ్చి పోయాడు. రేపు ఆయన రాలేదు. పోలీసులొచ్చారు.

చివర్లో సలాం ఒక మాటన్నాడు. ఫోన్ తిరిగి చేతికొచ్చాక తెరలో రంగులు అదోలా ఉన్నాయట. పాత డిస్‌ప్లే కదా, పోయే కాలం వచ్చిందేమో అనుకుని సొరుగులో పెట్టేశాడు. ఆ మాట రాసుకోవడానికి ఏ పోలీసూ పెన్ను తీయలేదు.

రెబెకా అంగడంతా చూసింది. ఉన్నది పిడికెడు జాగా. ఒక మూల సలాం కంప్యూటర్, ఇంకో మూల అతని భార్య జైబున్నీసా కుట్టుమిషను. స్టూలు ఉన్న చోట మిట్టమధ్యాహ్నం దాకా ఎండ నేరుగా పడుతుంది. అక్కడ కూర్చుని తన ఫోన్ తెరిచి చూసింది. అక్షరాలు మసకగా, రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనిపించాయి. మెసేజ్ కొట్టాలంటే ఎవడైనా తెరను తన కంటికి తగ్గట్టు సర్దుకోక తప్పదు.

వాళ్ళ వెనకే అంగట్లోకి వచ్చిన జైబున్నీసాను రెబెకా ఏమాత్రం కనికరం లేకుండా అడిగింది. మీ ఆయన ఆడవాళ్ళ ఫోటోలు చూస్తాడా, రాత్రిళ్ళు ఎక్కడికైనా పోతాడా, శుక్రవారం ఎక్కడున్నాడు? ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన కళ్ళతో ఆమె అన్నింటికీ జవాబు చెప్పింది. శుక్రవారం సాయంత్రం ఆయన బట్టల బజారులో ఉన్నాడు. పెళ్ళివాళ్ళ చీరలకు ఫాల్స్ కుట్టాలి, దారాలు తేవడానికి పోయాడు.

"దారాలు నువ్వు తెచ్చుకోవా?"

"ఆయప్పే తెస్తాడక్కా. చీర ఒక్కసారి సూసి పోతాడు, అదే రంగు దారం తెస్తాడు. ఇన్నేండ్లలో ఒక్క రీలు కూడా తప్పు తేలా. నాకే ఒగోసారి తేడా తెలీదు." మిషను పక్కన డబ్బాలో వరుసగా పేర్చిన రీళ్ళు చూపించింది. "ఇట్లాటోడు మనిషిని సంపుతాడా అక్కా?"

దారం రంగు కుదరడానికీ మనిషిని చంపకపోవడానికీ సంబంధం ఏమిటో రెబెకాకు అర్థం కాలేదు. ఆ మాటను కూడా నాసిరకం సాక్ష్యాల గంపలో పడేసి బయలుదేరింది. ఫోన్ పులివెందులలో ఉంది. సి.ఐ. దయతలచి, నాలుగింటి లోపల చూసుకుని రమ్మని వెంకటేశును తోడిచ్చి పంపాడు.

ఫోన్ పులివెందులలో ఎందుకుందంటే, అక్కడ చంద్రమోహన్ ఉన్నాడు కనుక. సైబర్ చంద్రమోహన్ అంటే చుట్టుపక్కల మండలాల్లో తెలియనివాళ్ళు లేరు. పోయిన ఫోటోలు తిరిగి తెస్తాడు, తాళం పడ్డ ఫోన్లు తెరుస్తాడు, కాలేజీల్లో ఆడపిల్లల జాగ్రత్తల గురించి ఉపన్యాసాలు ఇస్తాడు. రెబెకా దగ్గర కేసులు రెండు మూడు ఎగరేసుకుపోయాడు కూడా. పెద్ద ల్యాబుకు పంపేలోపు ఒకసారి చూడమని పోలీసులు ఈ ఫోన్‌ను అతని చేతిలో పెట్టారు. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట, పత్రికలవాళ్ళకు అప్పుడే కేసు ఛేదించానని చెప్పేశాడు.

కింద ఇల్లు, పైన ల్యాబు. వాళ్ళు చేరేసరికి చంద్రమోహన్ ఫోన్‌లో ఎవరికో ఇంగ్లీషులో ఏదో వివరిస్తున్నాడట, కాసేపు కూర్చోమని కబురు వచ్చింది. వసారాలో అతని తల్లి రామేశ్వరమ్మ వక్కలు కత్తిరిస్తూ కూర్చుని ఉంది. వేముల వైపు పల్లెలో పుట్టినప్పటి నుంచీ గొర్రెల వెంట తిరిగిన మనిషి. కొడుకు పట్నంలో మిద్దె కట్టాక తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టాడు. మాట్లాడే మనిషి దొరికితే వదలదు.

వెంకటేశు మర్యాదకు మీవాడు గొప్పవాడయ్యాడు పెద్దమ్మా అన్నాడు. ఆమె ఫక్కున నవ్వింది.

"యాడి గొప్పప్పా! గొర్లు మేపను పనికిరాకనే సదువుకు పంపిస్తిమి. వానికి పదేండ్లప్పుడు మా మందా, మా మరిది మందా కలిపి దూరం తోలుకపోవాల్సి వచ్చె. కలిసిపోకుండా మా గొర్లకు ఎర్ర రంగు పూసేది, వాళ్ళయిటికి పచ్చరంగు. మావాని చేతికి రెండు డబ్బాలిచ్చి పూయమంటిమి. ఎనక్కొచ్చి సూస్తే ఒగదానికి ఎరుపు, ఒగదానికి పచ్చ, ఎట్ల బడితే అట్ల పూసినాడు. మా మరిది గొర్లు మింగను యేసిన ఎత్తని పంచాయితీ పెట్టిచ్చె. ఆ పొద్దు నుంచి వాళ్ళకూ మాకూ మాటల్లేవు."

రెబెకా నవ్వింది. ఇప్పుడు కూడా వీడు చేసే పని అదే, ఒకరి పాపం ఇంకొకరికి పూయడం అనుకుంది. అంతకుమించి ఆ సంగతి గురించి ఆలోచించలేదు.

పైన ల్యాబులో చల్లటి గాలి, గాజు బల్ల, గోడనిండా సర్టిఫికెట్లు. ఆమెకు ముందు కంటపడినవి చీటీలు. ప్రతి వైరుకు, ప్రతి ప్లగ్గుకు, ప్రతి పెన్నుకు అక్షరాలు రాసిన చిన్న కాగితం అతికించి ఉంది. ఒక యంత్రం మీద రెండు లైట్లు వెలుగుతుంటే వాటి పక్కన కూడా ఆన్, ఆఫ్ అని రాసి పెట్టాడు. వచ్చినవాళ్ళు చూసి మెచ్చుకోవాలని చేసే డాబు ఇదంతా అని ఆమె మూతి తిప్పుకుంది.

చంద్రమోహన్ కుర్చీలోంచి లేవలేదు. తన రిపోర్టు ఆమె వైపు తోశాడు. ఫోన్ పూర్తిగా తుడిచేసి కొత్త సాఫ్ట్‌వేర్ వేశారు, ఆ పని సలాం కంప్యూటర్ నుంచే జరిగింది, మెసేజ్ ఆ వీధి నుంచే వెళ్ళింది. కింద ఆ ఫోన్‌తోనే తీసిన స్క్రీన్‌షాట్లు రంగుల్లో అచ్చువేసి అంటించాడు. సెట్టింగులన్నీ కొత్తగా వేసినప్పుడు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి, ఎవరూ మార్చలేదు అని చివర్లో రాశాడు.

"టైము వేస్టు సేసుకుంటాండారు మేడమ్. ఇన్సూరెన్సు శవాలు గావు ఇయి. టెక్నికల్ కేసు."

రెబెకా ఒక ప్రశ్నే వేసింది. ఫోన్ సలాం సొరుగులో ఉందని పోలీసులకు చెప్పింది నువ్వే అంట, నీకెట్ల తెలిసింది? సిగ్నల్ టవర్ బట్టి కనిపెట్టానని అతను చిరునవ్వు నవ్వాడు. టవర్ వీధి చెబుతుంది, ఆ వీధిలో ఫోన్ల అంగళ్ళు ముప్ఫై ఉన్నాయి, సొరుగు కూడా టవరే చెప్పిందా అని ఆమె అడిగింది. చిరునవ్వు కొంచెం సన్నబడింది. అనుభవం అన్నాడు.

"అనుభవం మంచిదేలే. ఫోన్ సూపియ్యి."

వెంకటేశు కవరు విప్పి ఫోన్ బల్లమీద పెట్టాడు. తెర వెలిగింది. రెబెకా రిపోర్టులో అచ్చువేసిన తెరనూ, చేతిలో ఉన్న తెరనూ పక్కపక్కన పెట్టి చూసింది. అచ్చులో ఫోన్ ఎత్తే గుర్తు పచ్చగా ఉంది. తెరమీద అది నీలానికి తిరిగింది. అచ్చులో ఎర్రగా ఉన్నది తెరమీద గులాబీ రంగులో ఉంది. రంగులు అదోలా ఉన్నాయని సలాం అన్న మాట గుర్తొచ్చింది.

డిస్‌ప్లే పోతే మచ్చలు పడతాయి, గీతలు పడతాయి. ఇంత పద్ధతిగా ఒక రంగు ఇంకో రంగు వైపు జరగదు. ఆమె సెట్టింగుల్లోకి వెళ్ళి ఒక్కొక్కటే కిందికి జరుపుకుంటూ పోయింది. వెలుతురు చివరంటా పెంచి ఉంది. అంతకు దిగువన, చూపు సరిగా లేనివాళ్ళ కోసం పెట్టిన అమరికల్లో, రంగుల సవరణ అని ఒకటి ఉంది. ఎరుపూ పచ్చా తేడా తెలియనివాళ్ళు దాన్ని పెట్టుకుంటే ఫోన్ వాళ్ళ కంటికి అందేలా రంగులు మార్చి చూపిస్తుంది. అది ఆన్‌లో ఉంది. ఫోన్‌తోనే స్క్రీన్‌షాట్ తీస్తే ఆ మార్పు అందులోకి రాదు. రిపోర్టులో అచ్చు చూసినవాళ్ళు ఎన్ని వేలసార్లు చూసినా అది పట్టుకోలేరు. పోలీసులు అచ్చే చూశారు, ఫోన్ చూడలేదు.

కొత్త సాఫ్ట్‌వేర్ వేసిన ఫోన్ కడిగిన పలక లాంటిది. దాని మీద ఏ గీత ఉన్నా ఆ తర్వాత పట్టుకున్న చెయ్యి గీసిందే. స్టూలు మీద ఎండలో కూర్చున్నవాడు, కళ్ళకు ఏమీ ఆనక, రోజూ తన ఫోన్‌కు పెట్టుకునేదాన్ని అలవాటుగా దీనికీ పెట్టుకున్నాడు. సలాం కాదు. దారం రీళ్ళలో ఒక్కటీ తప్పని కన్ను సలాంది. నాసిరకం సాక్ష్యాల గంపలోంచి జైబున్నీసా మాట తనంతట తనే పైకొచ్చింది. దాని వెనకే గొర్రెల మంద కూడా వచ్చింది. ఒకదానికి ఎరుపు, ఒకదానికి పచ్చ.

రెబెకా తలెత్తి గదిలోని చీటీలన్నీ ఇంకోసారి చూసింది. ఇది డాబు కాదు. అక్షరాలు లేకపోతే ఈ మనిషి తన బల్లమీద తన వైరు తను తీసుకోలేడు. మళ్ళీ రిపోర్టు చివరి వాక్యం చదివింది. సెట్టింగులు ఎవరూ మార్చలేదు. నిన్నటి నుంచీ ఈ ఫోన్ ఇతని చేతిలో ఉంది, ఎందుకు తీసెయ్యలేదు? ఒక్క క్షణం ఆగితే అదీ తెలిసింది. అతని కంటికి తెర ఇలా ఉండటమే సరైనది. తన ఫోన్ ఎలా కనిపిస్తుందో ఇదీ అలాగే కనిపిస్తుంటే అనుమానం ఎందుకు వస్తుంది?

ఆమెకు భయం వేయలేదు. అసహ్యం వేసింది. ఆడపిల్లలకు జాగ్రత్తలు చెప్పే నోరు, వాళ్ళ ఫోటోలు దాచుకునే చెయ్యి ఒకే ఒంటికి అతుక్కుని ఎదురుగా కూర్చుని ఉన్నాయి. ఇంత సాఫ్ట్‌వేర్ తెలిసినవాడు ఆ ఫోన్ తనే తుడుచుకోలేక కాదు. తుడిచిన మచ్చ ఇంకొకడి కంప్యూటర్‌కు అంటాలి.

కానీ ఎరుపూ పచ్చా తెలియనివాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. నేను కాదంటాడు, కోర్టు నమ్ముతుంది. గడియారం మూడు దాటింది.

సి.ఐ. ఫోన్ చేశాడు. చంద్రమోహన్ కిటికీ వైపు తిరిగి, వచ్చేశారు సార్, ఏం లేదు సార్, అయిపోయింది సార్ అంటూ మాట్లాడసాగాడు. రెబెకా బల్లమీద చుట్టిపెట్టిన ఛార్జింగు వైర్లలోంచి రెండు తీసింది. రెండూ ఒకే పొడవు, ఒకే మందం. ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. వాటి చీటీలు గోటితో పీకి ఉండచుట్టి చేతిసంచిలో వేసుకుని, వైర్లను అతని చేతికి దగ్గరగా పెట్టింది. వెంకటేశు అంతా చూశాడు. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

చంద్రమోహన్ ఇటు తిరిగాడు. ఇంక పోవచ్చన్నట్టు చూశాడు.

"పోతా. ఫోన్‌లో చార్జింగు అయిపోతాండాది," అంది రెబెకా. "ఆ ఎర్ర వైరు ఇట్లియ్యి."

అతని చెయ్యి వైర్ల మీదికి వెళ్ళి ఆగింది. వేళ్ళు చీటీ కోసం వెతికాయి. దొరకలేదు. వెంకటేశు వైపు చూశాడు, రెబెకా వైపు చూశాడు. ఏదో ఒకటి ఇవ్వకపోతే అంతకన్నా ప్రమాదమని లెక్కవేసుకున్నట్టుంది. మొహంలో ఏ తడబాటూ లేకుండా ఒక వైరు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

అప్పుడే రామేశ్వరమ్మ టీ గ్లాసులతో తలుపు దగ్గరకొచ్చింది. కొడుకును చూసింది, వైరును చూసింది. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు దిద్దిందో ఏమో, ఆలోచించకుండానే మాట వచ్చేసింది.

"అది పచ్చదిరా అబ్బోడా. ఎర్రది పక్కనుండేది."

చంద్రమోహన్ తల్లి వైపు చివ్వున తిరిగాడు.

"అమ్మా, నువ్వు కిందికి పో," అన్నాడు.

"ఏమైంది? వీనికి పుట్టినప్పట్నుంచీ ఆ రెండు రంగులూ ఒగటే గదా," అని ఆమె వెంకటేశుతో అంది, అదేదో ముద్దుమాట అయినట్టు. కొడుకు మొహం చూశాక ఆమె గ్లాసులను గుమ్మం పక్కన కింద పెట్టేసింది. ఏం జరిగిందో ఆమెకు తెలియదు. తన మాట వల్ల ఏదో జరిగిందని మాత్రం తెలిసింది. జీవితంలో మొదటిసారి రెబెకాకు ఒక సాక్షి మీద జాలి వేసింది.

చంద్రమోహన్ చెయ్యి ఫోన్ కోసం దూకింది. వెంకటేశు అంతకన్నా ముందే దాన్ని లాక్కుని, రెండో చేత్తో అతని మణికట్టు బల్లకు అదిమిపెట్టాడు. సీలు విప్పడానికి అరగంట కాగితాలు తిరగేసిన మనిషిలో ఇంత చురుకుందని రెబెకా అనుకోలేదు. ఆమె తన ఫోన్ తీసి సి.ఐ. నంబరు నొక్కింది.

"సార్, సలాంను కోర్టుకు తీసకపోయే బండి ఆపండి. ఆ టీచరమ్మ ఫోన్ పట్టుకోని మెసేజ్ కొట్టినోడు ఈడుండాడు. మీరే ఫోన్ తెచ్చి వాని చేతిలో పెట్టినారు."

అవతల సి.ఐ. ఏదో గట్టిగా అంటున్నాడు. ఆమె వినలేదు. వెంకటేశు చేతిలో ఫోన్ తెర చంద్రమోహన్ మొహానికి ఎదురుగా వెలుగుతోంది. తనను పట్టించింది ఏదో కనిపెట్టాలని అతను దానివైపే కళ్ళార్పకుండా చూస్తున్నాడు. అప్పటికీ ఆ తెరలో తప్పేమిటో అతనికి కనిపించలేదు.